నడివయస్సున వృక్షవైద్యము – ఒక కాయక విచారము

వైశాఖమాసపు గాలివానలు బొల్లారమునకు క్రొత్తవి కావు. సాయంకాలము నాలుగు గంటలవేళ ధూళి లేచును. అరగంటలో ఆకాశము నల్లబడును. పెద్ద చినుకులు పడకమునుపే ఎక్కడనో యొక కొమ్మ విరిగిన చప్పుడు వినబడును. మరునాటి యుదయమున రిసాలబజారు వైపు పోవు త్రోవలోనో, రైల్వేస్టేషను దారిలోనో నిద్రగన్నేరు కొమ్మ యొకటి ప్రహరిగోడమీద పడియుండును. ఇంటివారు వచ్చి చూచి గొడ్డలివానిని పిలిపింతురు. అతడు పడిన కొమ్మను నరుకును. అంతతో ఊరకుండక, "ఇది కూడ రేపో మాపో పడేదే" అని చెప్పి నిలిచియున్న కొమ్మలను గూడ నరుకును. కట్టెలు బండికెక్కును. కూలి చేతికి వచ్చును. చెట్టు మోడై నిలుచును. ఈ వ్యవహారమున తాను తప్పు చేసితినని యనుకొనువాడొక్కడును లేడు.

బొల్లారము పాత చెట్ల యూరు. దండు విడిసిన నాటినుండి బంగళాల యావరణములలో చెట్లు పెరుగుచు వచ్చినవి. 1860వ సంవత్సరమున కట్టబడి, పూర్వము రెసిడెంటు విడిదిగా నుండి, స్వాతంత్ర్యానంతరము రాష్ట్రపతి నిలయమైన భవనము తొంబది యెకరముల తోటనడుమ నున్నది. 2023వ సంవత్సరమునుండి ఆ తోటను సామాన్య ప్రజలు గూడ ఏడాది పొడవున చూడగలుగుచున్నారు. అట్టి తోటలలోని వృక్షములకు తోటమాలులుందురు. గోడ కివతలనున్న వేపకును, చింతకును, తురాయికిని దిక్కెవ్వరు?

ఈ యూరికి మరియొక లక్షణము గలదు. ఇది సైనికుల యూరు. సిపాయిగా చేరినవాడు పెక్కుసార్లు ముప్పదియైదు, నలుబదియైదేండ్ల నడుమనే పింఛనుతో ఇల్లు చేరును. పిల్లలింకను చదువులలోనే యుందురు. పింఛను చాలదు. దేహమున సత్తువ మిగిలియే యుండును. అట్టివారిలో ననేకులు ఏ బ్యాంకు వాకిటనో, ఏ అపార్టుమెంటు గేటుకడనో కాపలా యుద్యోగమున కుదురుకొందురు. వారిలో నొకడు, కుర్చీలో కూర్చుండి వచ్చిపోవు కార్ల నంబరులు వ్రాయుటకంటె, చెట్లకు వైద్యము చేయుట నేర్చుకొందునని తలచెననుకొందము. ఊహించుకొనిన మనిషికి పేరక్కరలేదు, హవల్దారందము. వయస్సు నలుబదియెనిమిది. ఈ తలంపు ధర్మమా? సాధ్యమా? ఈ రెండును వేర్వేరు ప్రశ్నలు. లోకులు సాధారణముగా రెండవదానినే యడుగుదురు. కాని మొదటిదే కఠినమైనది.

"వృక్షశస్త్రచికిత్స" యన్న మాట పాశ్చాత్యులనుండి వచ్చినట్లు కొందరు భావింతురు. మాట క్రొత్తదే కావచ్చును గాని విషయము పాతది. ఆరవ శతాబ్దివాడైన వరాహమిహిరుడు బృహత్సంహితలో వృక్షాయుర్వేదమునకొక యధ్యాయమునే కేటాయించెను. రోగము సోకిన చెట్టునకు మొట్టమొదట శస్త్రముతో శోధనము చేసి, పిమ్మట వాయువిడంగము, నేయి, బురద కలిపిన లేపనము పూసి, పాలు కలిపిన నీరు పోయవలెనని యతని మతము. కత్తి ముందు, మందు వెనుక – ఈ క్రమమును గమనింపవలెను. సుమారు వేయి సంవత్సరముల క్రిందటివాడైన సురపాలుడు 325 శ్లోకములలో వృక్షాయుర్వేదమను గ్రంథమునే రచించెను. మనుష్యులకు వలెనే చెట్లకును వాత పిత్త కఫ దోషములచే రోగములు కలుగునని యతడు విభజించి చెప్పెను.

ఆ గ్రంథము మనకు లభించిన విధము బొల్లారమువారికి ప్రత్యేకముగా చెప్పదగినది. దాని వ్రాతప్రతి ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డునందలి బోడ్లియన్ గ్రంథాలయమున నుండెను. డాక్టరు వై. ఎల్. నేనే యను సస్యరోగ శాస్త్రజ్ఞుడు దాని ప్రతిని తెప్పించెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమున సంస్కృతము బోధించిన నళినీ సాధలే దాని నాంగ్లమున కనువదించెను. 1996వ సంవత్సరమున దానిని ప్రకటించినది సికిందరాబాదు నందలి ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషను. నేనే మహాశయుడు 1966లో వరికి వచ్చు ఖైరా తెగులు జింకు లోపముచే కలుగునని కనిపెట్టి ప్రసిద్ధికెక్కినవాడు. పటాన్‌చెరువు దగ్గరి ఇక్రిశాట్ సంస్థలో నున్నత పదవి నిర్వహించెను. పదవీ విరమణమునకు సిద్ధమగుచున్న యేండ్లలో, అనగా 1994లో, ఈ ఫౌండేషనును స్థాపించి, 2018లో మరణించువరకు ప్రాచీన కృషిగ్రంథములను వెలికి తీయుటయే పనిగా పెట్టుకొనెను. ఏబది యెనిమిదవ యేట నారంభమైన పని యది. చెట్టెక్కుట కాదు నిజమే. అయినను వృక్షవైద్యము విషయమున నడివయస్సున నొక క్రొత్త పని మొదలుపెట్టినవాడు, బొల్లారమునకు కొన్ని మైళ్ల దూరముననే యుండెనని తెలియుట మంచిది.

ఇక చెట్టెక్కినవాని సంగతి. అమెరికాలో వృక్షచికిత్సకు పితామహుడని చెప్పబడు జాన్ డేవీ 1846లో ఇంగ్లండున నొక పేద కుటుంబమున పుట్టెను. యౌవనము వచ్చువరకు అక్షరజ్ఞానము లేనివాడు. తోటపని నేర్చి, 1873లో సముద్రము దాటి పోయి, ఒహాయో రాష్ట్రమున కెంటు అను చిన్న పట్టణమున స్థిరపడెను. చెట్లకును వైద్యుడు కావలెనని యతడు వాదించినప్పుడు జనులు నవ్విరి. అతడు తన యనుభవమునంతయు ఛాయాచిత్రములతో గ్రంథముగా ప్రకటించినది 1901లో. అప్పటికతనికి ఏబదియైదేండ్లు. 1923లో మరణించువరకు ఆ పనిని వదలలేదు.

అయితే డేవీ కథలో మెచ్చుకోలువారు దాటవేయు భాగమొకటి గలదు. అతని కాలమున చెట్టు తొర్రను గీకి, శుభ్రముచేసి, సిమెంటుతో పూడ్చుట గొప్ప చికిత్సగా నెంచబడెను. మనుష్యుని పంటికి దంతవైద్యుడు చేయునట్లే. ఇప్పుడది తప్పని తేలినది. గీకుటవలన చెట్టు తనంతట తాను కట్టుకొన్న గోడ పగిలి, కుళ్లు లోనికి ప్రాకును. ఈ సంగతిని నిరూపించినవాడు అమెరికా అటవీశాఖలో పనిచేసిన అలెక్స్ షైగో (1930–2006). అతడు వేలకొలది చెట్లను మోటారు రంపముతో నిలువునా చీల్చి లోపలి కుళ్లు ఎటు పోవునో, ఎచ్చట నాగునో చూచెను. 1977లో ప్రకటించిన సిద్ధాంతమున అతడు చెప్పినదేమనగా – మన దేహమున గాయమైనచోట పాత కణములు పోయి క్రొత్త కణములు వచ్చి పుండు మానును. చెట్టునకు గాయము మానదు. చెట్టు గాయమును చుట్టు గోడకట్టి లోపల బంధించును. పైన క్రొత్త చెక్క పెరిగి దానిని కప్పివేయును. పాత గాయము చెట్టు బ్రతికినంతకాలము లోపలనే యుండును.

ఈ యొక్క సంగతిని గ్రహించినవానికి గొడ్డలి చేతికి తీసికొనుటకే భయము కలుగును. ఆ భయము మంచిది. కొమ్మ మానును కలియుచోట ఉబ్బెత్తుగా నొక కంకణము వంటిది కనబడును. గోడకట్టు శక్తి యంతయు దానియందే యున్నది. కొమ్మను మానుకు సమముగా నున్నగా కోసినచో కంకణము పోవును. కోసినవానికది అందముగా కనబడును గాని కుళ్లు నేరుగా మానులోనికి పోవును. మూరెడు మొద్దు మిగిల్చి కోసినచో ఆ మొద్దు ఎండి, కుళ్లి, కప్పుకొనుటకు వీలులేకుండ అడ్డుపడును. సరియైన కోత కంకణమునకు సరిగా వెలుపల. అదియు నొక్క వేటున గాదు. మొదట మానునుండి కొంత దూరమున కొమ్మ క్రిందివైపున నొక గాటు పెట్టవలెను. పిమ్మట దానికి కొంచెము వెలుపల పైనుండి కోయవలెను. అప్పుడు కొమ్మ పడునప్పుడు మానుబెరడును చీల్చుకొని పోదు. మూడవ కోత మిగిలిన మొద్దును తీయుటకు. దానిమీద తారు పూయుట మనవారి యలవాటు. తారు కుళ్లును ఆపదని నేటి శాస్త్రము. పూతకంటె కోతయే ముఖ్యము.

మన హవల్దారునకు దీనిలో నేర్వదగినదేమి? డేవీ ఏబదియైదవ యేట గొప్ప గ్రంథము వ్రాసెనన్నది సగము మాత్రమే. తనను నమ్మి తొర్రలు పూడ్పించుకొన్న చెట్లకు అతడు మేలు చేయుచున్నాననుకొని కీడు చేసెనన్నది రెండవ సగము. అతని చిత్తశుద్ధిలో లోపము లేదు. ఆలస్యముగా పనిలో ప్రవేశించినవానికి తాను నేర్చినదే తుది మాట యనిపించుట సహజము. మరల మొదటినుండి నేర్చుటకు వ్యవధి లేదను తొందర యుండును. ఈ తొందరయే నడివయస్సు విద్యార్థికి మొదటి శత్రువు.

ఇచ్చట పెద్దలు కొందరొక యాక్షేపము తెచ్చెదరు. ఏబదికి చేరువైనవాడు సంసారభారము తగ్గించుకొని శివచింతనలో నుండవలెను గాని, పగ్గము నడుమునకు కట్టుకొని కొమ్మలమీద ప్రాకులాడుటయేమి? ఈ మాట బ్రహ్మచర్య, గార్హస్థ్య, వానప్రస్థములని జీవితమును మెట్లుగా కోసిన ధర్మమునందు చెల్లును. శరణులు జీవితము నట్లు కోయలేదు. కాయకము నొకచోట, పూజ నొకచోట పెట్టలేదు. కల్యాణమున చేరిన శరణులలో మోళిగె మారయ్య యొకడు. మోళిగె యనగా కట్టెలమోపు. అతడు కాశ్మీరదేశమున రాజుగా నుండి, రాజ్యము విడిచి, భార్యయగు మహాదేవితో కల్యాణమునకు వచ్చి, అడవిలో కట్టెలు కొట్టి, మోపులమ్మి, వచ్చిన దానితో జంగమదాసోహము చేసెనని సంప్రదాయ కథ. బసవన్న అతని పేదరికము చూచి గుట్టుగా బంగారము వదలి పోగా, అతడు దానిని తాకక పంచివేసెనట. రాజ్యమేలిన చేతులు గొడ్డలి పట్టుట నేర్చుకొనవలసిన ఆ మొదటి దినముల గూర్చి కథకులు శ్రద్ధ వహింపలేదు. మొదటి దినమున మోపు సరిగా కట్టలేక దారిలో విప్పుకొనిపోయి యుండవచ్చును. అంగడిలో గిట్టుబాటు ధర యడుగుట తెలియక నష్టపోయి యుండవచ్చును. పుణ్యకథలందు నేర్చుకొను కాలము కనబడకపోవుట ఒక లోపమే. నడివయస్సున పని మార్చుకొనువాని కష్టమంతయు సరిగా ఆ కాలముననే యున్నది.

ఆ కాలమెట్లుండునో చూతము. చెట్టెక్కు విద్య మన దేశమున లేనిది కాదు. తెలంగాణమున గీతకార్మికుడు మోకు, ముత్తాదులతో తాటిచెట్టెక్కును. చిన్ననాటనే తండ్రివెంట నేర్చును. అంత నేర్పరులును జారిపడి నడుము విరిగి మంచమున పడుట గ్రామగ్రామమున నెరిగిన సంగతి. అందుకే 2024 జూలైలో రాష్ట్ర ప్రభుత్వము కాటమయ్య రక్షణ కవచమను పేర వారికి భద్రతా పరికరములను పంచుట మొదలుపెట్టెను. పుట్టు విద్య గలవానికే కవచము కావలసియుండగా, నలుబదియెనిమిదవ యేట నేర్వబూనువాడు ఎంత జాగరూకుడై యుండవలెను! తాటిచెట్టొక నిలువు స్తంభము. నిద్రగన్నేరట్లు కాదు. దాని కొమ్మలు అడ్డముగా బహుదూరము సాగును. బరువంతయు కొసలయం దుండును. తురాయి కొమ్మ పచ్చగా పూచుచునే లోపల గుల్లయై యుండును. పైగా వీథిచెట్లనడుమ విద్యుత్తీగలు పోవుచుండును. పదునొకండు వేల వోల్టుల తీగను తాకనక్కరలేదు, పచ్చికొమ్మ తాకి దానిని మనిషి పట్టుకొనియున్నను చాలును. వ్రాతపూర్వకముగా కోరి, సరఫరా నిలిపించి, నిలిచినదని తామే నిర్ధారించుకొనిన పిమ్మటనే అచ్చట చేయి పెట్టవలెను. ఇందులో ధైర్యమునకు తావు లేదు. సైన్యమున ధైర్యము నేర్చినవానికిది కొంత విడ్డూరముగా తోచవచ్చును.

కనుక నడివయస్సువాడు నేలమీదనే మొదలుపెట్టుట యుచితము. చెట్టుమీద నొకడు పనిచేయునప్పుడు క్రింద నొకడు పగ్గము పట్టుకొని యుండవలెను. కోసిన కొమ్మను మెల్లగా దింపుట, దారిన పోవువారిని నిలుపుట, పైవాని ముఖము చూచి అలసట గుర్తించుట, అక్కరపడినచో ప్రథమ చికిత్స చేయుట – ఇవన్నియు క్రిందివాని పనులు. ముడులు నేర్వవలెను. పగ్గమును ప్రతిదినము వ్రేళ్లతో తడవి ఎచ్చట నార తెగినదో చూడవలెను. శరణులలో నులియ చందయ్య యనునతడు గడ్డి కోసి, త్రాళ్లు పేని యమ్మి దాసోహము చేసెను. గడ్డి కోయుచుండగా ఇష్టలింగము జారి నీటబడినను అతడు పని నాపలేదనియు, లింగమే వెంటవచ్చెననియు కథ. త్రాటికి తన ప్రాణమును వ్రేలాడదీసినవానికి ఆ కథ వేరొక విధముగా అర్థమగును. పేనినవాడు ఒక్క నిమిషము మనస్సు వేరొకచోట పెట్టినచో, ఆ నిమిషము త్రాటిలో నెచ్చటనో యుండును.

ఇంతకంటె బాధించునది వేరు. చెట్టెక్కు నేర్పరి పాతికేండ్ల కుర్రవాడై యుండును. "కాకా, ఆ ముడి తప్పు, మల్ల వెయ్యి" అని పదిమంది యెదుట చెప్పును. ఇరువదియేండ్లు ఇతరులకు ఆజ్ఞ లిచ్చిన హవల్దారు ఆ మాట విని ముడి విప్పవలెను. కోపము వచ్చును. ఇంటికి పోయి భార్యతో, "ఆ పొరగానికి మర్యాద తెల్వదు" అనును. ఆమె, "ముడి సరిగ్గనే ఏసినవా మరి?" అని యడుగును. ఆ యింట నతనికి దొరికిన సహాయమది. వయస్సును బట్టి గాక విద్యను బట్టి గురువు నెంచుకొనుట శరణధర్మమున క్రొత్త గాదు. కాని వచనములు విని తల యూచుట తేలిక, పగ్గము చేతబట్టి తల వంచుట కష్టము.

భార్య మాట వచ్చినది గనుక అపాయము సంగతిని గూడ ముగింపవలెను. పడినచో ఇంటిల్లిపాదియు పడును. ఇష్టము వచ్చిన పని చేయుట తన హక్కని వాదించువాడు, విరిగిన నడుముకు సేవ చేయవలసినవారి యంగీకారమును ముందు పొందవలెను. పొందిన పిమ్మట శిరస్త్రాణము, నడుముపట్టీ, రంపము పట్టునప్పుడు రెండవ కట్టు – ఇవి యుండవలెను. "నాకేమి కాదు" అను మాట ఉండరాదు. మోకాలు నొచ్చు దినమున చెట్టెక్కకుండుట పిరికితనము గాదు. ఇంత చెప్పినది చాలును.

ఇప్పుడు అసలైన చిక్కు. 2021వ సంవత్సరాంతమున తెలంగాణమంతట వేపచెట్లు కొసలనుండి ఎండుట మొదలుపెట్టెను. కొద్ది వారములలో ఆకులు గోధుమరంగుకు మారి, కాల్చినట్లు కనబడెను. ఫోమాప్సిస్ అను శిలీంధ్రము దీనికి ముఖ్యకారణమని శాస్త్రజ్ఞులు చెప్పిరి. తేయాకు దోమ యను పురుగు దెబ్బ దానికి తోడయ్యెను. వేప చచ్చినదని యెందరో చెట్లను కొట్టించిరి. చెట్టు చావలేదని, వేచియున్న మరల చిగురించునని శాస్త్రజ్ఞులు చెప్పుచునే యుండిరి. కొట్టక విడిచినవానిలో పెక్కు చెట్లు చిగురించెను. ఆ తెగులు తరువాతి యేండ్లలోను తిరిగి కనబడినది.

అట్టి వేప యున్న బొల్లారపు ముంగిటికి మన హవల్దారును పిలిచిరనుకొందము. ఇంటివాడు, "ఏమయ్యా, చచ్చింది గదా, కొట్టెయ్యి. ఎంత తీసుకుంటవు?" అనును. హవల్దారు గోటితో కొమ్మ బెరడును గీకి చూచును. లోపల పచ్చగా నున్నది. చెట్టు బ్రతికియున్నది. కొట్టినచో వారము దినముల కూలి, కట్టెల ధర అదనము. "బ్రతికియున్నది, వేచియుండుడు" అన్నచో చేతికేమియు రాదు. ఇంట కూతురి కళాశాల రుసుము గడువు దగ్గరపడినది. పరికరములు కొనుటకు చేసిన యప్పున్నది. ఇరువదేండ్లవాడు ఈ నష్టమును రేపు పూడ్చుకొనవచ్చును. నలుబదియెనిమిదేండ్లవాని రేపులు లెక్కకు వచ్చును. ఆలస్యముగా పనిలో చేరుటవలని అసలు ప్రమాదము పడిపోవుట గాదు, ఇది.

వైద్యుడు రోగిని చూచి, "నీకు శస్త్రచికిత్స అక్కరలేదు" అని చెప్పినందుకు రుసుము తీసికొనును. ఎవ్వరును ప్రశ్నింపరు. చెట్టును చూచి, "కోయనక్కరలేదు" అన్నవానికి రుసుమెందు కియ్యరాదు? ఇయ్యవలెను. అతడును సిగ్గుపడక అడుగవలెను. చూచుటకు ఇంత, కోయుటకు ఇంత అని ముందే వేరుగా చెప్పినచో నాలుక సత్యము పలుకుటకు కొంత వెసులుబాటు కలుగును. ఆయ్దక్కి మారయ్య అంగడిలో రాలిన బియ్యపుగింజలేరి దాసోహము చేసినవాడు. ఒకనాడతడు అలవాటుకంటె ఎక్కువ బియ్యము తేగా భార్య లక్కమ్మ, ఈ యెక్కువ మనకేల, తిరిగి పోసి రమ్మని పంపెను. ఆ కథను మనము ఆశ కూడదను నీతిగా చెప్పుకొందుము. కొలత తెలియుట యను సంగతి దానిలో నంతకంటె ముఖ్యము. ఎంత యక్కరయో తెలిసినవారికే ఎంత యెక్కువయో తెలియును. ఒక్క యేట చెట్టు ఆకులో నాలుగవ వంతునకు మించి తీయరాదను నియమము వృక్షచికిత్సకులలో గలదు. లక్కమ్మకీ నియమము చెప్పినచో వెంటనే యర్థమయ్యెడిది.

అయితే కోయకుండుటయే ధర్మమని భ్రమపడువారు గూడ నున్నారు. ఇదియు తప్పే. బడిగేటు మీదికి వ్రాలిన గుల్లకొమ్మను, చెట్టు పాపమని విడిచిపెట్టుట దయ కాదు. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగినప్పుడు అఫ్జల్‌గంజున నేటి ఉస్మానియా ఆసుపత్రి యావరణలోని చింతచెట్టు సుమారు నూట యేబదిమందిని తన కొమ్మలమీద నిలుపుకొని కాపాడెను. ఆ చెట్టు నేటికిని గలదు. ఆ చెట్టునకు మ్రొక్కవచ్చును. అయినను దానిలో నొక కొమ్మ యెండి, క్రింద రోగుల బంధువులు కూర్చుండుచున్నచో, ఆ కొమ్మను తీయవలసినదే. మహబూబునగరము దగ్గరి పిల్లలమర్రికి చెదలు పట్టి కొమ్మలు విరుగగా, 2018లో దానికి చెదల మందును సెలైను సీసాలవలె కట్టి బొట్టుబొట్టుగా ఎక్కించిరి. బరువైన కొమ్మలకు క్రింద కాంక్రీటు స్తంభములు నిలిపిరి. ఆ చెట్టునకు తగిన వైద్యమది. సామాన్యపు వీథిచెట్టునకంత సేవ దొరకదు, దానికి మంచి కోతయే వైద్యము.

చట్టము సంగతియు నొకమాట. 2002వ సంవత్సరపు నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టము – వాల్టా యని వాడుక – అనుమతి లేక చెట్టు కొట్టుటను నిషేధించినది. మన యావరణమున మన చెట్టే గదా యనుటకు వీలులేదు. హవల్దారు ఈ కాగితపు పనిని స్వయముగా నేర్చుకొనినచో అతనికి మేలు. సైన్యమున వ్రాతకోతల యలవాటున్నవానికిది కష్టము కాదు. గొడ్డలివానికి లేని నేర్పు ఇతనికి గలదన్నచో అది యిచ్చటనే.

మిగిలినది యన్నింటికంటె చిక్కైన ప్రశ్న. ఇంటివాడు వినడు. "పైనంతా కొట్టి మోడు చెయ్యి, ఆకు రాలి వాకిలి పాడైతున్నది" అనును. మోడు చేసిన చెట్టు మరుసటి వానకు గుబురుగా చిగురించునన్నది నిజమే. కాని ఆ చిగుళ్లు బెరడు క్రిందినుండి పుట్టి పైపైన నంటియుండును. నాలుగైదేండ్లలో బరువెక్కి విరిగి పడును. అనగా అపాయము తగ్గుటకు చేసిన కోత అపాయమును పెంచును. హవల్దారు ఈ మాట చెప్పి, పలుచన చేసెదనని ప్రార్థించెను. ఇంటివాడు, "నువ్వు చెయ్యకుంటే రేపు గొడ్డలోడొస్తడు" అనెను. ఇది నిజము. గొడ్డలివాడు వచ్చినచో ఇంకను చెడ్డగా నరుకును. అప్పుడు తానే చేసి, చేతనైనంత మేలుగా మోడు చేయుట మంచిదా? చేయకుండ వెడలుట మంచిదా?

తక్కువ కీడును ఎన్నుకొనుట వివేకమని లోకము చెప్పును. కొన్ని చోట్ల నది సరియే. ఇచ్చట మాత్రము కాదని తోచును. తెలిసినవాడు మోడు చేసినచో, "వైద్యుడే చేసెను, ఇదియే వైద్యము" అని వీథివీథియంతయు నేర్చుకొనును. గొడ్డలివాని కోత ఒక చెట్టును చెరచును. తెలిసినవాని చెడ్డకోత చూచువారి కన్నును చెరచును. కాబట్టి అతడు పగ్గము చుట్టుకొని వెడలుటయే న్యాయము. ఆ సాయంకాలము ఇంటికి వట్టిచేతులతో పోవును. ఆ వేప మరునాడు మోడగును. అతని నిరాకరణము ఆ చెట్టును రక్షింపలేదు. ఈ నష్టమును చిన్నదిగా చెప్పుట అసత్యము. కొందరు సజ్జనులు ఇచ్చట మరియొక విధముగా నిర్ణయించి, ఉండి యొక కొమ్మనైనను కాపాడినచో, వారిని నిందించుట గూడ తగదు.

ఆలస్యముగా మొదలుపెట్టినవానికి మరియొక లోటు గలదు. దానికి విరుగుడు మాత్రము బొల్లారముననే దొరకును. పెద్దకొమ్మను కోసిన గాయము పూర్తిగా కప్పుకొనుటకు ఏండ్లు పట్టును. ఇరువదియేండ్ల వయస్సున కోసినవాడు ఏబదవ యేట తిరిగివచ్చి తన కోత సరియైనదో కాదో కన్నులార చూచుకొనవచ్చును. నలుబదియెనిమిదవ యేట మొదలుపెట్టినవాని కట్టి పరీక్షాఫలము పలుచగా దొరకును. అతడు తన పొరపాటులనుండి నేర్చుకొనుటకు కాలము చాలదు. ఇతరుల పొరపాటులనుండియే నేర్చుకొనవలెను.

అందుచేత ఆదివారము ఉదయమున ఎండ ముదురకమునుపు హవల్దారు నోటుపుస్తకమొకటి చంక బెట్టుకొని పాత బాటలవెంట నడచుట మంచిది. పని నేర్పు కుర్రవానిని గూడ వెంటబెట్టుకొనినచో మరియు మంచిది. చెట్టుచెట్టున పాత కోతలుండును. ఎవ్వరు కోసిరో, ఎన్నడు కోసిరో తెలియదు. ఒక చింతమాను మీద కంకణమునకు వెలుపల సరిగా కోసిన కోత చుట్టు నలువైపుల బెరడు పెరిగి, వడవలె గుండ్రనై, నడుమ వ్రేలు దూరునంత సందు మాత్రమే మిగిలియుండును. దాని ప్రక్కననే మానుకు సమముగా నున్నగా కోసినచోట బెరడు రెండు ప్రక్కల మాత్రము పెరిగి, పైనను క్రిందను ఎండి, లోపల తొర్రయై యుండును. తొర్రలో చిలుకల జంట కాపురముండును. కుర్రవాడు పైకెక్కి దారముతో కొలిచి, "కాకా, జానెడు మీద రెండు వేళ్లు" అని క్రిందికి చెప్పును. హవల్దారు కళ్లజోడు సర్దుకొని కోత కొలతయు, చెట్టు పేరును, వీథి పేరును వ్రాసికొని, ముందు చెట్టు కడకు నడచును.